పద్మారాణి టీచర్ ప్రాక్టికల్

ఆదివారం పొద్దున, సూరత్ పర్వత్ పాటియాలో నరహరి ఇల్లు. ఆల్థాన్‌లో టీచర్ల శిక్షణ కాలేజీలో లెక్చరరుగా పనిచేస్తున్న సంధ్య, జోల్వా మగ్గాల కార్ఖానాలో పనిచేసే అన్న దగ్గరికి ఘారీ మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చింది. వదిన సుమన కూరగాయలకు పోయింది.

“ఎవల్నంటవేంది అన్నా! పద్మారాణి టీచర్‌నే. ప్రాక్టికల్‌ల ఫెయిల్ చేసిన. ముందుగాల నోరు తెరువు, ఘారీ పెడత.”

“నాకు షుగరున్నది.”

“ఒక్క ముక్కకు ఏం గాదు. ఇయ్యాల నువ్వు తినాలె. నీ కోసమే తెచ్చిన.”

“అక్కడ పెట్టు. జర గట్టిగ చెప్పు సంధ్యా, మగ్గాల కాడ ఉండి ఉండి నా చెవులు సగం పోయినయ్. మన టీచర్ నీ కాలేజీకి ఎందుకొచ్చింది?”

“చదువుకోను. స్కూల్ లీడర్‌షిప్ డిప్లొమా అని ఉన్నది మా దగ్గర. ప్రిన్సిపాల్ కావాలనుకునే టీచర్లు చేస్తరు. ఆమె స్కూల్ ట్రస్టోళ్లు, ఇది పాసైతేనే కుర్చీ అన్నరట. రిటైర్మెంటు దగ్గర పడ్డది. ఈసారి పోతే ఇగ ఆ కుర్చీ ఆమెకు రాదు.”

“రాదా?”

“రాదు. బరాబర్ సమయానికే దొరికింది.”

“నిన్ను గుర్తువట్టిందా?”

“మొదటి రోజే. వరండాల నా చెయ్యి పట్టుకొని, ‘సంధ్యా, ఎంత పెద్దదానివైనవు తల్లీ’ అన్నది. చెయ్యి గుంజుకున్న. ‘ఇక్కడ మేడమ్ అనాలె’ అన్న.”

“అన్నదా?”

“అన్నది. ఏడాదంత మేడమ్, మేడమ్ అన్నది. అన్నప్పుడల్ల నా కడుపు సల్లవడేది.”

“ఆ కోర్సుల నువ్వు ఏం పాఠం చెప్తవే?”

“మనస్తత్వ శాస్త్రం. పిల్లల మనసు ఎట్ల తెలుసుకోవాలె, నొవ్వకుంట ఎట్ల మాట్లాడాలె…”

“మంచిది.”

“ఎందుకట్ల నవ్వుతవ్?”

“నవ్వలే. చెప్పు, చెప్పు. ఏడాదంత ఏం జేసినవ్ ఆమెను?”

“ఏం రాసుకొచ్చినా వాపస్ కొట్టిన. ఒకసారి చేతిరాత బాగలేదన్న. ఒకసారి సొంత ఆలోచన లేదన్న. సొంత ఆలోచన పెట్టుకొస్తే, పుస్తకంల ఉన్నది రాయున్రి అన్న. తోటోళ్లంత ఆమె పిల్లల ఈడోళ్లు. వాళ్ల ముంగటనే.”

“ఏమనకపోయేదా?”

“కండ్లద్దాలు తుడుచుకొని, ‘సరే మేడమ్, మల్ల రాస్త’ అనేది. గంతే. పాఠం చెప్పుమని నేనే లేపేదాన్ని, ఆమె మాట అందుకున్నదో లేదో గంట కొట్టేదాన్ని. ‘టైమైంది, కూసోండి.’ ఒకనాడు నిమ్మకాయ తొక్కు తెచ్చింది నాకు, సీసాల.”

“తిన్నవా?”

“అటెండరుకిచ్చిన. ఆమె చూస్తుండంగనే ఇచ్చిన.”

“ఊఁ. మరి ప్రాక్టికల్ అన్నవ్?”

“అది చివర్ల ఉంటది. నాటకం లెక్క. బడిల జరిగే సంగతి ఒకటి ఇస్తం. ఆమె ప్రిన్సిపాల్, ఇంకో స్టూడెంటు తల్లో తండ్రో. వచ్చినోళ్లతోని ప్రిన్సిపాల్ ఎట్ల మాట్లాడుతదో చూసి మార్కులేస్తం. ఎవలికే సంగతి ఇయ్యాల్నో నేనే చూసుకుంట.”

“ఆమెకేమిచ్చినవ్?”

“మగ్గం పనిచేసే తండ్రి వచ్చి, బడి మాన్పిస్త అంటడు. ప్రిన్సిపాలుగ మీరేం జేస్తరు?”

“జర ఆ డబ్బా మూత పెట్టు, ఈగలు.”

“ఇనవడ్డదా అన్నా?”

“ఇనవడ్డది.”

“నవత అని ఒక పిల్ల తండ్రి వేషం ఏసింది. తలకు తువాల చుట్టుకొని మస్తు జేసింది, అందరు నవ్విన్రు. ‘టీచరమ్మా, ఇద్దర్ని చదివిచ్చుడు నాతోని కాదు, ఒకల్ని మగ్గం కాడికి తోల్కపోత’ అన్నది.”

“ఇద్దరని నువ్వు చెప్పినవా?”

“నేనేం చెప్పలే. అది సొంతంగ కల్పించుకున్నది. ఎందుకు?”

“ఊకెనే. తర్వాత?”

“తర్వాత ఏమున్నది! ఆమె నోరు పెగల్లే. నవత మల్ల అడిగింది. ‘చెప్పున్రి టీచరమ్మా, ఏం జెయ్యమంటరు?’ ఆమె ఆ పిల్లనే చూసుకుంట నిలవడ్డది. నేను ఆపలే, కూసో అనలే. అట్లనే నిలవడనిచ్చిన. ఆఖరుకు, ‘ఇది నాతోని కాదు మేడమ్, ఇంకోటి ఇయ్యున్రి’ అన్నది.”

“ఇచ్చినవా?”

“ఎందుకిస్త?”

“ఏడ్చిందా?”

“ఏడ్వలే.”

“చేతులు వణికినయా?”

“కొంగు పట్టుకున్నది గట్టిగ. ఎందుకన్నా గవన్ని?”

“నేను లేకపోతిని గద అక్కడ. చెప్పు.”

“పెదవులు ఎండిపోయినయ్. నాలుకతోని తడుపుకున్నది. అప్పుడు లేచిన నేను. లేచి అందరి ముంగట ఆమె నిన్నన్న మాటే ఆమెనన్న.”

“ఏ మాట?”

“నీకు తెల్వదా?”

“మల్ల చెప్పు. ఇనవడలే.”

“‘గీ తలకాయకు బడి ఎందుకు? పొయ్యి మగ్గం చూసుకో.’”

“అట్లనే అన్నవా? పొల్లు పోకుంట?”

“పొల్లు పోకుంట. ఆమె గొంతుతోనే అన్న.”

“నవ్విన్రా?”

“ఎవలు నవ్వలే.”

“నన్నన్ననాడు అందరు నవ్విన్రు.”

“నాకు యాదికున్నది. నువ్వు సంచి భుజానేసుకొని పోతుంటే అదే క్లాసుల నేను బెంచీల కూసోని చూస్తున్న. నా దిక్కు చూస్తవనుకున్న, చూడలే. ఆనాడే అనుకున్న అన్నా, ఎప్పటికన్న ఈమెను నలుగుట్ల నిలవెట్టి ఈ మాట అనకపోతే నేను మా అవ్వకు పుట్టలే అని.”

“నీతోని ఇంకెవలు లేరా, మార్కులేసెటోళ్లు?”

“లక్ష్మీకాంత్ సార్ ఉన్నడు. ‘పెద్దామె, పోనియ్యున్రి, పాస్ చేద్దాం’ అన్నడు. ‘నోరు తెరవని మనిషికి దేనికెయ్యాలె సార్ మార్కులు?’ అన్న. సంతకం పెట్టిండు.”

“మరి గింత జేసి, మొఖం గట్లెందుకున్నది?”

“ఎట్లున్నది?”

“ఘారీ నువ్వు గూడ ముట్టలే.”

“నువ్వు తింటే తింట.”

“ఆమె ఏమన్న అన్నదా?”

“ఎప్పుడు?”

“పోయేటప్పుడు.”

“ఏమంటది! ఏమనలే.”

“సంధ్యా.”

“ఏమనలే అంటున్న గద… అందరు పోయినంక నా బల్ల కాడికొచ్చింది. తిడ్తదనుకున్న. కాళ్లమీద పడ్తదనుకున్న. పడితే ఏమనాల్నో గూడ అనుకొని పెట్టుకున్న. ‘నరహరి నీకేం చెప్పలేదా అమ్మా?’ అన్నది.”

“గంతేనా?”

“గంతే. మేడమ్ అనలే, అమ్మా అన్నది. అప్పటిసంది నాకు అన్నం పోతలేదు. ఏం చెప్పాలె నువ్వు నాకు?”

“చాయ్ తాగుతవా?”

“అన్నా.”

“మీ వదిన పాలు పెట్టి పోయింది, పొంగుతయో ఏమో…”

“స్టవ్ బంద్ ఉన్నది. కూసో. ఏం చెప్పాలె?”

“పాత ముచ్చట. ఇప్పుడెందుకే?”

“చెప్తవా, ఆమె ఇంటికే పొయ్యి అడగాల్నా?”

“బాపు బడికి వచ్చిండు. కార్ఖానా సేఠ్ బాపుకిచ్చే మగ్గాలు తగ్గించిండు ఆ యేడు. ‘ఒకల్నే చదివిస్త, ఒకల్ని తోల్కపోత. ఎవల్ని ఉంచాల్నో మీరే చెప్పున్రి టీచర్’ అన్నడు. నేను తలుపెన్క ఉన్న.”

“బాపు అడిగిండా? బాపేనా?”

“బాపే.”

“ఆమె ఏమన్నది?”

“కొట్లాడింది. ఇద్దర్ని ఉంచున్రి అన్నది, పుస్తకాలు నేను కొనిస్త అన్నది. బాపు ఇనలే. ఇద్దర్నీ తోల్కపోత అని లేసిండు. అప్పుడు పేరు చెప్పింది.”

“ఎవరి పేరు?”

“నువ్వు కుర్చీల కూసోని మార్కులేస్తవ్. నేను తెగిన పోగులు కట్టుకుంట నిలవడ్త. ఎవరి పేరో నన్నడుగుతవా?”

“అబద్ధం.”

“లెక్కలల్ల ఫస్ట్ ఎవలొచ్చేటోళ్లు?”

“నువ్వు.”

“నీ లెక్కలు జేసిచ్చింది ఎవలు?”

“నువ్వే… మరి నా పేరెందుకు చెప్తది అన్నా? నన్నెందుకు?”

“‘పిల్ల బడి మానితే పెండ్లి జేసి తోలుతరు. పిలగాడు ఎట్లన్న బతుకుతడు’ అన్నది. తప్పేమన్నది? బతికిన.”

“మరి క్లాసుల ఆ మాట?”

“నేను మానలే. తెల్లారి మల్ల వచ్చి బెంచీ మీద కూసున్న. బాపు గేటు కాడ నిలవడ్డడు. నేను లేవకపోతే నిన్ను లేపుతడు. లే నరహరీ అన్నది, లేవలే. మంచిగ చెప్పింది, లేవలే. ఇగ అప్పుడన్నది. రోషం రావాల్నని. వచ్చింది.”

“నువ్వు… ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే? నేను ఆమెను తిట్టినప్పుడల్ల పక్కనే కూసుంటివి గద!”

“కూసున్న.”

“ఊఁ కొడుతుంటివి గద!”

“కొట్టిన.”

“ఒక్కసారి చెప్తే ఏమయితుండె? ఒక్క మాట!”

“నువ్వు తిడుతుంటే మంచిగుండె. నేను తిట్టలేకపోయేటోణ్ణి, నీకేమో తనివి తీరకపోయేది. ఇంటుంటి.”

“నీ కోసం జేసిన అన్నా ఇదంత! నీ కోసమే!”

“అందరు నా కోసమే జేస్తరు. బాపు ఇల్లు నడవాలని జేసిండు. టీచర్ నీ మంచి కోసం జేసింది. నువ్వు నా కోసం జేసినవ్. నన్నెవలన్న అడిగిన్రానే?”

“రేపు పోత. పొద్దుగాలనే పోత. ప్రాక్టికల్ మల్ల పెట్టిస్త.”

“మార్కులు యూనివర్సిటీకి పంపలేదా?”

“పంపిన.”

“మరి ఏం పెట్టిస్తవ్?”

“రాసిస్త. పగ పెట్టుకొని తక్కువేసిన, తప్పు నాదే అని సంతకం పెట్టి ఇస్త.”

“ఇస్తే నీ నౌకరి?”

“పోతది.”

“ఇయ్యకుంటే?”

“ఆమె కుర్చీ పోతది. ఇయ్యకుంటే నేను రేపు క్లాసుల నిలవడి ఏం పాఠం చెప్పాలె అన్నా? ఏ మొఖంతోని చెప్పాలె? అయ్యో… ఆ నవత అడిగినప్పుడు ఆమె నా దిక్కు చూసింది. ఒక్కసారే చూసింది. జవాబు రాక చూస్తున్నదనుకున్న.”

“నీళ్లు తాగు.”

“వద్దు నాకు నీళ్లు! సూరత్ల ఇన్ని కాలేజీలుండంగ మా కాలేజీకే ఎందుకొచ్చింది ఆమె? నేనక్కడున్నట్టు ఎవలు చెప్పిన్రు?”

“మార్కెట్ కాడ కలుస్తది అప్పుడప్పుడు. సంచి పట్టుకొని ఆటో దాకా పోత నేను. ‘నరహరీ, ఈ వయసుల చదువు మీదవడ్డది, ఎక్కడ చేరితే జర నయముంటది?’ అని అడిగింది.”

“నిన్నా?”

“నన్నే.”

“నేను ఆమెనేం జేస్తనో నీకెరుక. ఎరికుండి చెప్పినవా?”

“ఎరికుండే చెప్పిన. ఆనాడు బాపు అడిగితే ఆమె నీ పేరు చెప్పింది. ఆమె అడిగితే నేను గూడ నీ పేరే చెప్పిన.”