నాలుగో బెల్లు

కాలవగట్టు పక్కన సైకిలు షాపు. తెల్లవారి ఎండ ఇంకా గడప దాటలేదు. లోపల మేస్త్రి, అతని ముందు సైకిలు పట్టుకుని టైలరు.

“అది కాదు మేస్త్రీ, ఏళ్ల తరబడి నాకో అనుమానం. నడిచే మనిషి వెనక బెల్లు కొట్టడమంటే దారి అడగడమా, తప్పుకోమని గదమాయించడమా?”

“ఇంకా బోణీ కాలేదు, అప్పుడే ధర్మసందేహాలు! బెల్లు కొట్టడమంటే బెల్లు కొట్టడం బాబాయ్, అంతే. నెల తిరక్కుండా మూడు బెల్లులు తీసుకెళ్లావు. మొదటిదానికేమొచ్చింది?”

“కీచుమంది.”

“రెండోది?”

“దానిది లారీ గొంతు. ముందు నడుస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి కాలవ వైపు గెంతాడు. చొక్కా పట్టుకుని లాగాను కాబట్టి సరిపోయింది. చొక్కా చిరిగిందనుకో. నేనే కుట్టిచ్చాను.”

“మరి మూడోది? అసలు సిసలు ఇత్తడి. దానిక్కూడా వంకేనా?”

“దానికి వంకేం లేదు. మీ పిన్నికి వినబడలేదు.”

“ఏంటీ?”

“మొదటిదీ వినబడలేదు, రెండోదీ వినబడలేదు. రోజూ నాకంటే పావుగంట ముందు గట్టు మీదికి నడకకి వస్తుందిగా. నా షాపు తెరవడానికి నాదీ అదే దారి. బాట సన్నం. నడిచేవాళ్లకైనా, సైకిళ్లకైనా అదొక్కటే. అందరూ తప్పుకుంటారు. ఆవిడ మాత్రం నట్టనడుమ నడుస్తుంది. కొడతాను, కొడతాను... తిరిగి చూడదు.”

“అప్పుడేం చేస్తావ్?”

“దిగుతాను. కట్టుకున్నదాన్ని గుద్దమంటావా? దిగి పక్కకి రాగానే, ‘బెల్లు కొట్టొచ్చుగా’ అంటుంది. కొట్టానే అంటే, అబద్ధాలకోరునట.”

“అంటే పిన్నికి చెవు—”

“అనకు.”

“నేను అనకపోతే బాగైపోతాయా?”

“ఇవాళ పదింటికి చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించాను. ఆవిడకింకా చెప్పలేదు. భయంగా ఉంది మేస్త్రీ. నేనంటే దిగుతాను. ఈ గట్టు మీద ఈదురుగాలిలా తొక్కే కుర్రాళ్లు దిగుతారా? ఎవడైనా వెనక నుంచి వచ్చి గుద్దితే? అందుకే ఇవాళ ఆవిడకంటే ముందే వచ్చాను. ఒక్కటి, ఆవిడకి వినబడేది, చూసి బిగించు. ఇది కూడా వినబడలేదో, రేపట్నుంచి ఆవిడ నడక బంద్.”

“నడక మానిపిస్తావా? పిన్ని ఊరుకుంటుందా?”

“ఊరుకోదు. అయినా సరే. దేవుడి మీద భారం వేసి మానిపించేస్తాను.”

“దేవుడి మీద వెయ్, నా మీద వెయ్యకు. సరే, ఆ పాతది ఇటు తే, విప్పుతాను... ఆగాగు. ఇదేంటి, లోపల?”

“ఏది?”

“ఈ నల్లగుడ్డ.”

“అదా... కోటు కాలర్లలో వేస్తాంలే. ఫెల్టు ముక్క.”

“కోటు కాలర్లో వేసేది బెల్లులోకి ఎలా వచ్చింది?”

“నేనే. చప్పుడు కాస్త మెత్తగా వస్తుందని. మనుషులు బెదరకుండా.”

“మళ్లీ అంచు కుట్టావు కూడానూ!”

“ఊరికే పెడితే పోగులు ఊడిపోవూ?”

“బాబాయ్, నీకో దండం. నేనీ పని ముప్పయ్యేళ్లుగా చేస్తున్నాను. బెల్లుకి లైనింగు వేసిన మనిషిని ఇవాళే చూశాను. ఓ జేబు కూడా కుట్టాల్సింది, చిల్లర దాచుకునేది. తేలిపోయింది పో! పిన్ని చెవులు నిక్షేపంగా ఉన్నాయి. లైనింగు నీ బుర్రకి పడింది.”

“నవ్వితే నవ్వావు గానీ, అది నేను కుట్టింది మొన్న రాత్రి. ఆవిడకి వినబడకపోవడం మొదలై నెలైంది.”

“అయితే తప్పు ఈ గుడ్డది కాదన్నమాట.”

“కాదు. బెల్లు చూడు.”

“అటక మీద ఒకటుంది, ఉండు... ఇదిగో. గిన్నె వెడల్పు చూశావా? కీచుమనదు, బొంగురుపోదు. ఒక్కసారి కొట్టావంటే చాలాసేపు సాగుతుంది.”

“పోనీ, ఆ కరెంటుది? నొక్కితే పాటలు పాడేది?”

“అది బొమ్మల షాపులో దొరుకుతుంది. వెళ్లు, పీక కూడా ఇస్తారు.”

“ఎందుకంత కోపం?”

“కోపం కాక! పాట వింటే జనం తప్పుకోరు, ఎవరి ఫోనో అని జేబులు తడుముకుంటారు. ఇదిగో, బ్రేకు తీగ తగలకుండా బిగించాను. తీగ తగిలితే గొంతు నొక్కినట్టే. ఇప్పుడు విను. ఇరవై అడుగుల దూరంలో ఉండగా ఒకసారి. కాస్త ఆగు. దగ్గరికొచ్చాక ఇంకోసారి, చిన్నగా. అంతేగానీ వీపు మీదకి వచ్చి మోగించకు. నువ్వు అడిగావే దారి అడగడమా గదమాయింపా అని, ఆ తేడా బెల్లులో లేదు, దూరంలో ఉంది.”

“బాగా చెప్పావు.”

“పొగడ్తలు తర్వాత. అదిగో పిన్ని. షాపు దాటనీ... దాటనీ... ఇక వెళ్లు. పిన్ని వెనక నుంచి పో.”

“ఇది కూడా వినబడకపోతేనో?”

“ముందు కొట్టి చూడు. పద!”

“పోతున్నానుగా!”

“కొట్టు బాబాయ్!... అబ్బ, ఏం గొంతు! ఇంకోసారి!... జాగింగు ఆయన తప్పుకున్నాడు. కుక్కపిల్ల తప్పుకుంది. చెవుల్లో వైర్లు కుక్కుకున్న ఆ పిల్ల కూడా తప్పుకుంది. ఇక పిన్ని... పిన్ని... ఊహూఁ. గీత గీసినట్టు నట్టనడుమే!”

“చూశావుగా మేస్త్రీ. అయిపోయింది.”

“ఏం చూశాడు? ఏం అయిపోయింది? ఏవండీ, మనిషి వెనక చప్పుడు కాకుండా రావడమేంటి, దొంగలాగ? బెల్లు కొట్టొచ్చుగా.”

“విన్నావా? మళ్లీ అదే మాట.”

“పాపం పిన్ని...”

“గొణక్కు బాబూ. నేనేం పాపం?”

“బాబాయ్! నేను నోట్లో అనుకున్నది అంత దూరం నుంచి విందే!”

“అదొక్కటీ ఎలాగో విని ఉంటుంది. చూడు, గట్టిగా చెప్తున్నాను. ప-దిం-టి-కి డా-క్ట-రు—”

“ఎందుకా అరుపు? గుడ్డల కొట్టు వేలంపాటా? డాక్టరెవరికి?”

“నీకే. చెవులకి. వాళ్లు బాగున్నాయని చెప్పేదాకా నువ్వు గట్టెక్కడానికి వీల్లేదు.”

“నా నడక మానిపిస్తారా?”

“మానిపిస్తాను. ఎవడో గుద్దిపోతే నేనేం కావాలి?”

“ఎవరూ గుద్దరు. కుర్రాళ్లు వస్తే ఆమడ దూరం నుంచే తప్పుకుంటాను.”

“వినబడకుండా ఎలా తప్పుకుంటావు?”

“వినబడలేదని ఎవరన్నారు? మొదటి బెల్లు పళ్లు జివ్వుమనేలా కీచుమంది. రెండోది ఆ పెద్దాయన్ని కాలవలోకి తొయ్యబోయింది. మూడోది మొన్నటిదాకా బానే ఉంది, నిన్న మాత్రం దుప్పటి కప్పుకుని దగ్గినట్టు మోగింది. ఇవాళ్టిది బాగుంది. ఎవరు బిగించారో గానీ, మీ చెయ్యి మాత్రం కాదు.”

“పిన్నీ!”

“నువ్వు నవ్వకు. నీ చేతిలో ఆ నల్లగుడ్డ ఏంటో నేనడగలేదు.”

“అయితే నెల్లాళ్లుగా అన్నీ వినబడుతున్నాయా? మరి నన్ను అబద్ధాలకోరని... నాకు నిద్ర కూడా... తప్పుకోవేం మరి? నాకొక్కడికే ఎందుకు తప్పుకోవు?”

“తప్పుకున్నన్నాళ్లూ ఏం చేశారు? వస్తానని ఒక్క మాటైనా అనకుండా తొక్కుకుంటూ పోయారు. తప్పుకోకపోతే దిగుతారు, సణుక్కుంటూనైనా వంతెన దాకా నా పక్కన నడుస్తారు. కాపురానికొచ్చిన కొత్తలో ఏమన్నారు, షాపు కుదుటపడనీ, పొద్దున్నే ఇద్దరం కలిసి నడుద్దామన్నారు. కుదుటపడి పదిహేడేళ్లయింది. అడిగితే తీర్చే మనిషి కాదు కాబట్టి, ఆ బాకీ రోజుకి నూరడుగుల చొప్పున నేనే వసూలు చేసుకుంటున్నాను.”