ఉమ్ షకీబ్ గురువారం కొడుకు

ఆ మాతే ఆకు టీ బుర్ర ఇటియ్యి తల్లీ. పీల్చే గొట్టం అలా కొరక్కు, అది మీ అవ్వది, ఉన్నది ఒక్కటే. పొద్దున్నుంచీ చూస్తున్నా, మొహం గంటు పెట్టుకు కూర్చున్నావు. ఏమందిట నీ కూతురు? "నువ్వు మా అమ్మవి కావు, మా అమ్మకి మేకలున్నాయి" అందా? అంటే అననీ! మూడేళ్ల పిల్ల. ఈ షూఫ్ కొండల్లో మేకలున్న అమ్మలు ఎంతమంది లేరు? నువ్వు ముందు ఆ పక్కింటి అఫీఫెని బయటికి పంపు. మేకలెన్ని, తెల్లవా నల్లవా, వాకిలి ఏ రంగు అని పిల్లని గుచ్చి గుచ్చి అడుగుతోంది. అలా అడిగే నన్ను మా నానమ్మ చచ్చినవాణ్ణి చేసింది. అదేంటి, తెలీదా నీకు? నేనూ నీ కూతురిలా పోయిన జన్మ మాటలు పలికినవాణ్ణే. ఉమ్ షకీబ్, అంటే షకీబ్ వాళ్లమ్మ, అని పైవీధిలో ఉండేది, ఆవిడ పోయి నలభై ఏళ్లు దాటింది. పోయిన జన్మలో ఆవిడ కొడుకుని నేను. అంటే, అని మా నానమ్మ అంది.

మనవాళ్లకి చావంటే చొక్కా మార్చుకోవడమే కదా. ఇక్కడ ఊపిరి పోయిన ఘడియకే ఇంకో ఇంట్లో పురిటిబిడ్డ ఏడవాలి. షకీబ్ పంతొమ్మిదేళ్లవాడు, అక్రోట్లు దులుపుతూ కొమ్మ విరిగి పడి చచ్చిపోయాడు. ఒక్కడే కొడుకు, మొగుడు అంతకుముందే పోయాడు. ఇక ఆవిడకి వేరే పనేముంది, ఏ ఊళ్లో ఏ పిల్లాడు పలికాడన్నా చెవులు రిక్కించడమే. ఐదేళ్లు అలా ఎదురుచూసింది పాపం. ఇటు మా నానమ్మకేమో వేరే బాధ. "మన ఇంట్లో ఇంతమంది పుట్టారు, ఒక్క వెధవైనా పలికాడా!" అని. ఓరోజు నేను చెట్టెక్కనని మారాం చేశాను. అంతే, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. చేతిలో ఎండు అంజీర పళ్లు. "ఏ చెట్టు నాయనా భయం? అక్రోటు చెట్టా?" ఊఁ అన్నాను. పండు పెట్టింది. "పడ్డావా?" ఊఁ. ఇంకో పండు. "మీ ఇల్లు పైవీధిలోనా?" ఊఁ. ఆ పళ్ల కోసం నేను సుల్తాన్నని ఒప్పుకోమన్నా ఒప్పుకునేవాణ్ణి. నా వీపు మీద మచ్చుంటే అదే పడ్డ దెబ్బంది. "అది పొయ్యి గట్టు తగిలి కాలిందత్తా" అని మా అమ్మ మొత్తుకుంటూనే ఉంది, ఎవరు విన్నారు? ఎవరైనా నా పుట్టినరోజు సంగతి అడిగితే "అక్రోట్లు దులిపే రోజుల్లోనే" అని తేల్చేసింది. ఆ రోజులు నెల సాగుతాయి కదా, దేవుడి దయ.

గురువారం గురువారం మా నానమ్మ ప్రార్థనకి పైవీధికి పోయేది. ఆ గురువారం నన్నూ ఈడ్చుకుపోయింది. వెనకాల సగం ఊరు. ఉమ్ షకీబ్ గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలీదు, నేను లోపల్నించి వస్తున్న వాసన చూస్తున్నాను. కిష్క్ కాచింది, పెరుగూ గోధుమరవ్వా కలిపి ఎండబెట్టిన పిండితో కాచే పుల్లటి జావ, వెల్లుల్లి వేసి. గిన్నె నా ముందు పెట్టింది. తాగేసి, ఇంకో గిన్నె కావాలన్నాను. పెట్టింది. "చూశారా, అమ్మ చేతి వంట గుర్తుపట్టాడు!" అని మా నానమ్మ కళ్లొత్తుకుంది. అప్పట్నుంచి ప్రతి గురువారం నేనక్కడే. ఆరు రోజులు మా అమ్మ కొడుకుని, ఏడో రోజు ఉమ్ షకీబ్ కొడుకుని. ఆవిణ్ణీ అమ్మా అనే పిలిచేవాణ్ణి. మా అమ్మ ఏమనేదంటావా? మొదట్లో నీలాగే మొహం గంటు పెట్టుకునేది.

ఇలా ఉండగా రెండు నెలలకి లోయ అవతలి ఊరి నుంచి గాలెబ్ అని ఇంకోడు దిగాడు, నా యీడువాడే, వాళ్ల నాన్నతో. దారి అడగలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, గోడలో ఒక రాయి ఊడదీసి, లోపల్నించి పిల్లనగ్రోవి తీశాడు. షకీబ్ దాచుకున్నది, వాళ్లమ్మకే తెలీదు! ఆవిడ ఉన్నచోటే కూలబడిపోయింది. మా నానమ్మ మాత్రం తగ్గితేగా. "లోయ అవతలివాళ్ల మాట నమ్ముతారా, వాళ్లు ముందే వచ్చి దాచుంటారు!" ఊరు రెండు ముక్కలైంది. మతపెద్ద షేక్ గారొచ్చారు గెడ్డం సవరించుకుంటూ. "ఒక ప్రాణానికి రెండు చొక్కాలు కుదరవమ్మా, ఎవరు నీ కొడుకో తేల్చుకో" అన్నారు. "నేను తేల్చుకోను, ముందు ఇద్దర్నీ తిననివ్వండి" అందావిడ. షేక్ గారు కూడా కూర్చుని తిని వెళ్లారు.

గాలెబ్ పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు. వాడు నిజంగా పలికినవాడు తల్లీ, అందులో అనుమానం లేదు. కానీ పలికినవాళ్లు ఓ వయసొచ్చేసరికి మర్చిపోతారు కదా, వాడూ ఏడో ఏట మర్చిపోయాడు. ఓసారి గాడిద మీద మన ఊరి గుండా పోతూ ఆవిడ గుమ్మం ముందే ఆగి "కాసిని మంచినీళ్లిస్తారా పెద్దమ్మా" అన్నాడు. పక్కన బాల్చీ పట్టుకుని నిలబడింది నేనే. నీళ్లిచ్చింది. వాడు తాగి పోయాక ఆ గ్లాసు చాలాసేపు కడిగింది. వాడి తప్పేముంది? మర్చిపోవడానికి నాకేమీ గుర్తులేదు కాబట్టి నేను మిగిలాను. అప్పటికే నాకు తెలుసు, నాలో షకీబూ లేడు, ఎవడూ లేడు, ఎండు అంజీర పళ్లే. చెబితే రానివ్వదేమోనని భయం. ఆవిడంటే ప్రాణం నాకు. అలా మింగుకుని ఇంకో ఏడేళ్లు వెళ్లాను.

పధ్నాలుగేళ్లప్పుడు షకీబ్ కోటు బయటికి తీసింది. వాడి పెళ్లికని కుట్టించిందట, తొడగలేదు. "వేసుకో" అంది. ఒక చెయ్యి దూర్చాను, ఇంక నా వల్ల కాలేదు. ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను, పళ్లు, పొయ్యి మచ్చ, అన్నీ. "నేను నీ కొడుకుని కాదమ్మా" అన్నాను. ఆవిడ నా రెండో చెయ్యి పట్టుకుని కోటులో దూర్చింది.

"తెలుసులేరా. మొదటి గిన్నెకే తెలిసింది. మావాడు కిష్క్ వాసనొస్తేనే ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తేవాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్క గరిటె తాగలేదు."

"మరి నన్నెందుకు రానిచ్చావు?"

"రెండో గిన్నె అడిగావు కదరా" అంది. అని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, "కదలకు, చేతులు పొడుగయ్యాయి" అంటూ...

నీళ్లు చల్లారిపోయాయి, కెటిల్ పొయ్యి మీద పెట్టు. లేదులే, నాకేమీ కాలేదు, పొగ. అదిగో నీ కూతురు, మూతంతా ద్రాక్ష పానకమే, ఇంకో రొట్టె కావాలంటోంది. మేకలమ్మని కాదే, నిన్నే అడుగుతోంది. లే మరి.