మలుపు తిరిగిన రెక్క

టీకొట్టు అక్క పాలు పొయ్యి మీద పెట్టేసరికే లారీ డ్రైవరు బల్ల మీద చేరిపోయాడు. అతన్నందరూ టాప్‌గేరు అంటారు. బండిని చూసి కాదు, నోటిని చూసి.

"మన దేశంలో తయారైన మొట్టమొదటి గాలిమర రెక్కని తోలిందెవరనుకున్నారు? నేనే! అంతకుముందు అన్నీ బయటి నుంచి ఓడల్లో దిగేవి. 'మీకు చెయ్యడం రాదు, చేసినా మీ సందుల్లోంచి కొండెక్కించలేరు' అని ఆ అమ్మేవాళ్లు పడీపడీ నవ్వారు. రెక్క పొడవెంతో తెలుసా? యాభై గజాలు!"

"నిన్న నలభై అన్నావు," అన్నాడు దర్జీ.

"ఎండకి సాగింది, విను. ఇదిగో ఈ మలుపు దగ్గరికొచ్చి ఒంటిచేత్తో స్టీరింగు ఇలా తిప్పానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేచింది. రెక్క కదా, ఊరుకుంటుందా? లారీతో సహా ఎగిరింది! కింద మీ మిద్దెలన్నీ అగ్గిపెట్టెలే."

"బ్రేకు వెయ్యలేదా అన్నా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"మబ్బుల్లో బ్రేకేంట్రా? హారన్ కొట్టా! సముద్రం మీదికెళ్లేసరికి, బయటి రెక్కలు మోసుకొస్తున్న ఓడ నన్ను చూసి అట్నుంచటే వెనక్కి తిరిగింది. నేను కొండ మీద దిగేలోపే, ఇంకా తీగలైనా లాగకుండానే, ఏడూళ్లలో దీపాలు వెలిగాయి!"

బల్లంతా నవ్వులు. గ్లాసులు కడుగుతున్న అక్క ఇక ఉండబట్టలేకపోయింది.

"ఎగిరిపోతే మరి నా కొట్టు గోడెందుకు కొట్టారు తమ్ముడూ?"

టాప్‌గేరు టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"రెక్క మలుపులో ఇరుక్కుంది," అంది అక్క మిగతావాళ్లతో. "బండి దిగొచ్చి ఇక్కడే కూలబడి ఏడ్చాడు. 'అక్కా, ఇది విరిగితే మన ఫ్యాక్టరీకి ఇంకోటి చేసే అవకాశమివ్వరు, మూడొందలమంది రోడ్డున పడతారు' అని. గోడ కొట్టెయ్యమని నేనే అన్నా."

అతను తల దించుకుని టీలోకే చూస్తున్నాడు. అనవసరంగా నోరు జారానే అనిపించింది అక్కకి.

"అయితే రెక్కని మలుపు తిప్పిందెవరు?" అన్నాడు దర్జీ.

"ఇంకెవరు, ఇతనే. కళ్లు తుడుచుకుంటూ అంగుళం అంగుళం జరిపాడు. రెక్క మీద గీతైనా పడలేదు. మూడు గంటలు పట్టింది."

టాప్‌గేరు గొంతు సవరించుకున్నాడు.

"మూడు కాదక్కా," అన్నాడు మెల్లగా. "నాలుగున్నర."