అరువు కోటు దొరగారు

1987 జూన్ 14, ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు, మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. సినిమాలకి పాటలు రాసే మా తమ్ముడు పోయాక, పలకరించడానికి వచ్చినవాళ్ళం వాళ్ళింటి వరండాలో కూర్చున్నాం. పక్కింటి రేడియోలో వాడి పాటే వస్తోంది: ‘కోటు అరువు, కారు అరువు, కోతలే సొంతం దొరగారికి.’

“ఆ దొరగారు ఎవరనుకున్నారు? నేనే!” అన్నాను.

“ఎగతాళి పాటకి అంత మురిసిపోతారేంటండీ?” అన్నాడు ఎదురింటి దర్జీ.

“తిట్టాలన్నా మనిషి మనసులో మెదలాలి కదయ్యా! విను. కొత్తిల్లు కట్టి ఊళ్ళో పెద్దవాళ్ళని విందుకి పిలిచాను. కోటు అరువు తెచ్చిన మాట నిజమే. వెండి గుండీలు! నేను గుమ్మంలోకి రాగానే ఆ మెరుపుకి దీపాలు సిగ్గుపడి ఆరిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యాంకు పెద్దాయన భార్య, ఇంగ్లీషులో తప్ప తుమ్మదు ఆవిడ, ‘ఏ దేశంలో కుట్టించారు?’ అంది. కాలేజీలో బట్టీపట్టిన ఇంగ్లీషు పద్యం ఒకటి వదిలాను. మా లెక్చరరు ఒకాయన ఉండేవాడు, నిలబడే నిద్రపోయేవాడు, సరే, ఆయన సంగతి తర్వాత. పద్యం విని ఆవిడ మెళ్ళో ముత్యాలు వాటంతటవే తెగి చప్పట్లు కొట్టాయి!”

“మరి కారో?”

“అదీ అరువే. పొడుగెంతనుకున్నావ్? ముందు చక్రాలు మా గేటు దాటితే వెనక చక్రాలు ఇంకా వీధి మలుపు తిరగలేదు. జనం దాన్ని ఇళ్ళ వరసనుకుని తలుపులు కొట్టారు! ఇదంతా తమ్ముడు ఎక్కణ్ణుంచో చూసే ఉండాలి, లేకపోతే పాటెలా రాస్తాడు? ఏళ్ళ తరబడి మాటల్లేవు గానీ, వాడు నన్ను మర్చిపోలేదు.”

ఖాళీ గ్లాసులు తీస్తున్న మరదలు ఆగింది.

“ఆయన చూశారు బావగారూ. పిలవకపోయినా వచ్చారు. మీ పక్కన చులకనగా కనపడకూడదని, ఈ దర్జీగారి దగ్గర కుట్టుకొచ్చిన ఎవరిదో కోటు అడిగి తొడుక్కున్నారు. మెట్ల మీద మీరు మొహమైనా చూడకుండా ‘బ్యాండు వాళ్ళు వెనక గుమ్మంలోంచి’ అన్నారు. అలాగే వెళ్ళి, వాళ్ళ పక్కన కాసేపు నిలబడి వచ్చేశారు. ఆ పాట మీ మీద కాదు. తన మీద తనే రాసుకున్నారు.”

దర్జీ తల దించుకున్నాడు.

“వాడు కోతలెప్పుడు కోశాడమ్మా?” అన్నాను.

“మా అన్నయ్య కొత్తిల్లు కట్టాడు, నాకోసం ఎదురుచూస్తుంటాడు అని దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ వెళ్ళారట. అవే కోతలు. కారొక్కటే కల్పన. నడిచే వెళ్ళారు.”

పంపకాలు తొందరగానే తేలాయి. పాటల హక్కులు మరదలికి. హార్మోనియం కూతురికి. చేతి గడియారం దర్జీకి. నాకు ఏమీ రాలేదు, ఒక్క తిట్టు కూడా.