రిటర్న్ సీటు

కుంభార్లీ నుంచి ముంబయి వెళ్ళే పొద్దుటి లోకల్లో ఆడవాళ్ళ పెట్టె. కేతకి రుమాలు వేసి పట్టుకున్న సీట్లో, తను అక్కా అన్నట్టు తాయీ అని పిలిచే కుందా ఇప్పుడే వచ్చి కూలబడింది. బండి ఇంకా కదలలేదు.

"అదంతా నాకు చెప్పకు కేతకీ. మధ్యాహ్నం మీటింగులో నువ్వు లేచి ఒక్క ముక్క చెప్పాలి. కుంభార్లీ ఆడవాళ్ళకి లైను పొడిగింపు వద్దు. అంతే. చెప్పి కూర్చో."

"అంతే అని కూర్చుంటే ఊరుకుంటారా తాయీ? ఎందుకు వద్దని అడుగుతారు. లైను ధామణపాడ దాకా వెయ్యాలా, ఉన్న దారిలోనే ఇంకో జత పట్టాలు వెయ్యాలా, బండికి పెట్టెలు పెంచాలా, ఏది కావాలో మీరే చెప్పండి అని పిలిచారు రైల్వే వాళ్ళు."

"పట్టాలు వెయ్యమను. పెట్టెలు పెంచమను. ధామణపాడ ఊసు మాత్రం ఎత్తొద్దను."

"పట్టాలకి చోటేదీ? రెండు పక్కలా ఇళ్ళే. అవన్నీ ఖాళీ చేయించేసరికి మీ అమ్మాయి సాయలీ అమ్మమ్మ అయిపోతుంది."

"ముందు దాన్ని నర్సు కానీ. ఇంకా ఏడాదిన్నర చదువుంది. ఆ ఏడాదిన్నరా నేను ఈ సీట్లో కూర్చుని ఉద్యోగానికి పోవాలి. నాకు కావలసింది అంతే."

"తెలుసు తాయీ."

"తెలిస్తే మరి ఆ నసుగుడేంటి? బండి ధామణపాడలో బయలుదేరిందనుకో, ఇక్కడికొచ్చేసరికే నిండిపోయి వస్తుంది. నేను దాదర్ దాకా కడ్డీ పట్టుకుని వేలాడాలి. దిగి, షాపుకెళ్ళి, దీపాలు పెట్టేదాకా నిలబడి చీరలు విప్పి చూపించాలి. నడుము కోసి కుట్టాక డాక్టరు నాతో ఏమన్నాడు? నువ్వు పక్కనే ఉన్నావుగా, చెప్పు."

"నిలబడటం ఒక్కచోటే పెట్టుకోండి అన్నాడు."

"బండిలోనో, షాపులోనో. రెండుచోట్లా నిలబడితే మళ్ళీ నా దగ్గరికి రావద్దన్నాడు. ఆ మాట కూడా చెప్పు."

"అన్నాడు. అందుకే అంటున్నా, వికలాంగుల పెట్టెలో ఎక్కడానికి మీకు సర్టిఫికెట్ ఇస్తారు కదా. తీసుకుంటే..."

"మెల్లిగా. ఆ పెట్టెలో మా సేట్ బావమరిది వస్తాడు, కుంటికాలాయన. అందులో నన్ను చూశాడంటే సాయంత్రానికి నా చేతిలో ఓ కవరు పెడతారు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో కుందాబాయీ అంటారు. వాళ్ళు ఎవర్నీ తిట్టి పంపించరు. నవ్వుతూనే పంపిస్తారు."

"సరే, ఇలా అడుగుదామా? కొన్ని బండ్లు అక్కడ మొదలవ్వాలి, కొన్ని ఇక్కడే మొదలవ్వాలి అని."

"ఆ, మొదట్లో కొన్ని ఇక్కడే అంటారు. తర్వాత ఒక్కోటీ అటు లాక్కుపోతారు. మనకి మిట్టమధ్యాహ్నం బండ్లు మిగులుస్తారు. ఎవరిక్కావాలి అవి? పిల్లులకా?"

"అలా అని మీరే తీర్మానించేస్తే ఎలా?"

"నువ్వు మాత్రం ఎందుకింత ధామణపాడ పక్షం వహిస్తున్నావో నాకర్థం కావట్లేదు. వారం నుంచీ చూస్తున్నా. అడిగితే కిటికీలోంచి చూస్తావు. ఏం, అక్కడ సంబంధమేదైనా చూశారా?"

"అబ్బ, అదేం కాదు తాయీ."

"మరేంటి?"

"బండి కదిలింది. ఆ సంచీ పైన పెట్టమంటారా?"

"సంచీ సంగతి నేనడిగానా?"

"మావశీ, మీరెక్కడ దిగుతారు?"

"దాదర్. ఇదిగో అమ్మాయ్, పక్కన నిలబడి నా సీటు మీద కన్నేసి లాభం లేదు. నీకంటే ముందు లేవను నేను. ఇంకోటి, మావశీ ఏంటి మావశీ? నీకూ నాకూ పదేళ్ళు తేడా ఉండదు. పెద్దమ్మనా నీకు?"

"ఊరికే అడిగాను. నేను ఘాట్కోపర్‌లోనే దిగిపోతా. నన్ను గుర్తుపట్టలేదా? సుగంధని. ధామణపాడ. నిన్న లేపారుగా నన్ను."

"నిన్నా? ఆఁ, రిటర్న్ దానివి."

"ఆ పేరుతోనే పిలవండి, పర్లేదు."

"పిలవక? ఇక్కడి తోపులాటలో సీటు దొరకదని, ముందు బండిలో సాకుర్లీ పోయి, అక్కణ్ణించి ఇటొచ్చే ఖాళీ బండెక్కి, కుంభార్లీలో దిగకుండా మహారాణిలా కూర్చుని వస్తే దాన్నేమంటారు? మా పెట్టెలో దొంగతనం అంటారు. రిటర్న్‌లో వచ్చినవాళ్ళు సాకుర్లీ రాగానే లేచి నిలబడాలి. ఈ పెట్టె రూలు అది. నేనే పెట్టాను."

"తాయీ, పోనివ్వండి. పొద్దున్నే ఎందుకు?"

"నువ్వుండు కేతకీ. చూడు సుగంధా, మా కేతకిని చూసి నేర్చుకో. నేను వంతెన మెట్లు దిగి వచ్చేసరికి బండి ఆగీ ఆగకముందే ఎగిరి ఎక్కేస్తుంది. ఇటు తనకి, అటు నాకు, రెండు సీట్లు. న్యాయంగా పట్టిన సీటంటే ఇదీ."

"తాయీ, మీటింగు సంగతి మాట్లాడుకుందామా?"

"అదే మాట్లాడుతున్నా. వీళ్ళ ఊరి గురించే కదా మీటింగు. అడుగు, ఈమెనే అడుగు. ఏమ్మా, మీకు లైను కావాలా?"

"కావాలా అంటే ఏం చెప్పమంటారు? మా ఊళ్ళో పట్టాలున్నాయి మావశీ. సిమెంటు ఫ్యాక్టరీ గూడ్సు బండ్లు పోతాయి వాటి మీద. ఇంట్లో పడుకుంటే మంచం ఊగుతుంది. బస్తాలకి రైలుంది, మనుషులకి లేదు. షేర్ ఆటోలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చుని కుంభార్లీ రావాలి. వానాకాలం ఆ రోడ్డు మీద ఆటో వాడు కూడా దండం పెట్టి బయలుదేరతాడు."

"మరి అంత దూరాన ఎవరు ఇల్లు కట్టుకోమన్నారు?"

"మీరు కుంభార్లీలో ఇల్లు తీసుకున్నప్పుడు లైను ఎక్కడిదాకా ఉండేది?"

"సాకుర్లీ దాకా."

"మరి?"

"అది వేరే."

"ఎలా వేరే? మీకోసం లైను పెంచితే సాకుర్లీ వాళ్ళ సీట్లు పోలేదా? వాళ్ళు తిట్టుకోలేదా?"

"తిట్టుకోకేం? ఇప్పటికీ తిట్టుకుంటున్నారు. నవ్వకు కేతకీ. వినమ్మా, నేను చెప్పేది లెక్క ప్రకారం చెబుతున్నా. బండ్లు అవే, సీట్లు అవే. దూరం పెంచితే జనం పెరుగుతారు. ఉన్న పిండి అంతే ఉంచి, భోజనానికి ఇంకో వీధిని పిలిచినట్టు."

"పిండి సంగతి నాకు చెప్పకండి. ఘాట్కోపర్‌లో రోజంతా చపాతీలు ఒత్తేదాన్నే. పిండి చాలకపోతే ఇంకాస్త కలుపుతాం. వచ్చినవాళ్ళని పంక్తిలోంచి లేపం."

"కలిపేవాళ్ళుంటే నాకూ అభ్యంతరం లేదు. కలుపుతారా వీళ్ళు? ముందు బండ్లు పెంచమను, తర్వాత దూరం పెంచమను."

"ముందు, తర్వాత అంటూ ఉంటే మా వంతు ఎప్పుడొస్తుంది? మా పిల్లలకా?"

"తాయీ, ఆమె చెప్పింది కూడా మీటింగులో చెప్పాలి కదా. బండ్లూ పెంచండి, లైనూ పెంచండి, రెండూ కలిపి అడిగితే తప్పేంటి?"

"తప్పా? నీకు తప్పుగా కనపడదు. నీ నడుము గట్టిది. రెండూ అడిగితే వాళ్ళకి ఏది తేలికో అదే ఇస్తారు. తేలికైంది ఏదీ? పట్టాలున్నాయని ఈమే చెప్పిందిగా. రేపే బండిని అటు తోలేస్తారు. కొత్త బండ్లు ఎప్పుడొస్తాయో దేవుడికి తెలియాలి. ఈలోగా నేను షాపులో పడిపోతాను. అప్పుడు సాయలీ చదువు నువ్వు చదివిస్తావా?"

"అలా మాట్లాడకండి."

"మరెలా మాట్లాడను? భయమేస్తోందే నాకు. రాత్రుళ్ళు పక్క మీద కూడా ఆ బండే నిండిపోయి వస్తున్నట్టుంటుంది."

"మావశీ, ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. మీ పెట్టె రూలు అందరికీ రూలేనా?"

"అందరికీ. మా చెల్లెలొచ్చినా లేపుతా."

"అయితే నిన్న ఈవిణ్ణి ఎందుకు లేపలేదు?"

"ఎవర్ని?"

"కిటికీ పక్కనున్న ఈవిణ్ణి. నిన్న సాకుర్లీలో ఇద్దరం ఒకే తలుపు దగ్గర ఎక్కాం. ఎటు కూర్చుంటే గాలొస్తుందో నాకు చెప్పింది కూడా తనే. కుంభార్లీలో మీరెక్కి ఈవిడ పక్కన కూర్చున్నారు, మళ్ళీ సాకుర్లీ రాగానే నన్నొక్కదాన్నే లేపారు. ఇదేం రూలో నాకర్థం కాలేదు."

"నువ్వెవర్నో చూసి ఎవరనుకున్నావో. కేతకీ, చెప్పు తనకి."

"సాకుర్లీ వస్తోంది తాయీ."

"నేనడిగింది అది కాదు."

"ఆ సంచీ ఇటివ్వండి తాయీ, నేను పట్టుకుంటా."

"కేతకీ."

"నేనే తాయీ. తను చెప్పింది నిజమే."

"నిన్న ఏదో ఆలస్యమై అటునుంచి వచ్చావు. అంతేనా?"

"రోజూ."

"రోజూ అంటే? ఎప్పట్నించి?"

"మీరు ఆసుపత్రి నుంచి వచ్చి మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పట్నించి."

"నీ ఇల్లు మా ఇంటి వెనకేగా. నీకేం పోయేకాలం? వయసులో ఉన్నదానివి, నిలబడలేవా?"

"నిలబడగలను. మొదటి వారం కుంభార్లీలోనే ఎగిరి ఎక్కి చూశాను. ఒక్కరోజూ సీటు దొరకలేదు. మీరు నిలబడే వెళ్ళారు, గుర్తుందా? శుక్రవారం దాదర్‌లో దిగాక ప్లాట్‌ఫాం బెంచీ మీద అలాగే పడుకుండిపోయారు. ఎవరో నీళ్ళు తెచ్చి తాగించారు."

"గుర్తుంది."

"ఆ తర్వాత నుంచీ ముందు బండిలో సాకుర్లీ వెళ్ళి వెనక్కొస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కూర్చునేవారా?"

"నేను రోజూ వాళ్ళని దొంగలని తిడుతుంటే పక్కన కూర్చుని విన్నావా?"

"విన్నాను."

"నిన్న ఈమెని లేపుతుంటే కిటికీలోంచి బయటికి చూశావు."

"చూశాను. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు తాయీ. అందుకే మీటింగులో మీరు చెప్పమన్న మాట నా నోట రాదు. కుంభార్లీలో బండి మొదలవుతోంది కాబట్టి మీకు సీటొస్తోందని మీరనుకుంటున్నారు. రావట్లేదు. ఎప్పుడూ రాలేదు. బండి ఎక్కడ మొదలైనా మన కష్టం ఇంతే. బండ్లే చాలట్లేదు."

"ఇంకా గట్టిగా చెప్పు. పెట్టె అంతా వినాలిగా."

"మావశీ, నిన్నటి కోపంలో ఏదో అనేశాను. మీ నడుము సంగతి నాకు తెలీదు. ఇక వదిలెయ్యండి, ఎవరికీ చెప్పను. నాకు నిలబడటం అలవాటే."

"నువ్వాగు."

"తనని ఎందుకు కసురుతారు తాయీ? రూలు రూలే. నేను లేస్తున్నాను. రండి సుగంధా, ఇటు కిటికీ దగ్గర కూర్చోండి."

"కూర్చో కేతకీ."

"సాకుర్లీ వచ్చేసింది తాయీ. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కూర్చోమన్నానా? ఈ సంచీ పట్టుకో. ఆ భుజం ఇటివ్వు, ఆసరాకి."

"తాయీ, మీ నడుము..."

"నా నడుముకి రూలు తెలీదు. నాకు తెలుసు, నేనే పెట్టానుగా. అటూ ఇటూ తిరిగింది నీ కాళ్ళు, కూర్చుని వచ్చింది నేను. రామ్మా ధామణపాడా, కూర్చో. రిటర్న్ మనిషి లేస్తోంది."