పిడుదు జ్వరం లెక్క

చిట్టమూరు దగ్గర గొర్రెల దొడ్డి. సర్వేకు వచ్చిన డాక్టరు అనూష, కాపరి పెంచల్.

"ఒక్కరికి కూడా లేదా? ఇంకోసారి చూడండి డాక్టరమ్మా!"

"చూశాను పెంచలన్నా. వంద మంది రక్తం, వందా శుభ్రం. పిడుదు కాటుతో వచ్చే ఆ క్రిమి ఒక్కరిలోనూ లేదు. మనుషుల్లో ఎందరికి ఉందో తేల్చమని పంపిస్తే, సున్నా అని చెప్పాలి వాళ్ళకి."

"మరి మా తమ్ముడి గతేంది?"

"నెల్లూరులో పెద్ద డాక్టరు ఏమంటున్నాడు?"

"మలేరియానే అంటాడు. ఆ బిళ్ళలే మింగిస్తా ఉండాడు. చంద్రమౌళికి జ్వరం దిగలా. ఉచ్చ ఎర్రగా పోతా ఉండాది. పిడుదు జ్వరమేమో సార్ అంటే, ఈ జిల్లాలో యాడుందయ్యా, సర్వేలో తేలితే అప్పుడు మందు మారుస్తాలే అన్నాడు."

"చూడ్డానికి మలేరియా క్రిమీ, ఈ పిడుదు క్రిమీ ఒకేలా ఉంటాయి, అదీ తంటా. అయినా నాకు మండేది అందుకు కాదు. మీ గొర్రెల చెవుల నిండా పిడుదులే. మందలో పడుకునే ఇంతమందిలో మీ తమ్ముడు తప్ప ఇంకొక్కరికైనా జ్వరం రాదా?"

"ఎందుకు రాదూ? బెన్హర్‌కి వచ్చింది. వెంకయ్య మామ వణికిపోతా..."

"ఆగు, ఆగు. వాళ్ళు క్యాంపుకి వచ్చారా?"

"వాళ్ళెందుకొస్తారు?"

"ఎందుకొస్తారేంటి! కాపర్లందర్నీ పిల్చుకురమ్మన్నానా లేదా?"

"రక్తం తీస్తామన్నారు గదమ్మా. జ్వరంతో వడిలిపోయినోళ్ళ దగ్గర ఏం తీస్తారు? గట్టిగా ఉండేవాళ్ళను ఏరి తెచ్చినా. రక్తదానానికి ఎట్ట తెస్తామో అట్టనే."

"అయ్యో! జబ్బు లేనోళ్ళను ఏరి తెచ్చి, జబ్బు వెతకమన్నావా?"

"మీ మేలు కోరే చేసినా. అరవబాకండి, గొర్రెలు బెదురుతాయి."

"సరే. సరే. మిగతా వాళ్ళందరివీ ఇప్పుడే తీద్దాం పద. కానీ అన్నా, తమ్ముడి విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకు. ఆసుపత్రికి పోకముందు అతను క్యాంపులో రక్తం ఇచ్చాడుగా, అది నేనే చూశా. క్రిమి లేదు. పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను కూడా... ఏంటలా దిక్కులు చూస్తావు?"

"అంత జ్వరంలో వాడి రక్తం తియ్యనిచ్చేది లేదని మా అమ్మ పట్టుబట్టింది."

"అయితే?"

"వాడు ఇంట్లోనే పడుకోనుండె. మీ నర్సమ్మ చంద్రమౌళీ అని పిలిస్తే, నేనే చెయ్యి చాపినా."