కొర్రమట్ట పిల్లలు

సిరోంచ పక్క పల్లెలో, చెరువు గట్టు మీద బుచ్చన్న ఖాళీ వల ఆరేస్తున్నాడు. భార్య సద్ది పట్టుకొచ్చింది.

“ఒక్క చేపపిల్లన్న పడలేదా?”

“లేదు. కొత్త జిల్లా అయినంక సర్కారోళ్లు మొదటిసారి ఇచ్చిన పిల్లలు. డబ్బాలల్ల తెచ్చి ఎంత సంబురంగ పోసినం! ఒక్కటి మిగల్లే.”

“వానలకు ముందే కొర్రమట్ట చేపలన్నీ నువ్వే పట్టినవ్ గద? ఒక్కటున్నా చిన్న చేపపిల్లల్ని మింగేస్తదని ఊరందరికీ చెప్పినవ్.”

అతను వల చిక్కులు విప్పసాగాడు.

“ఏందయ్యా, అన్నీ పట్టలేదా?”

“ఒకదాన్ని ఇడిచిపెట్టిన. దాని చుట్టూ ఎర్రగ పిల్లలున్నయ్. పిల్లలతోటి ఉన్నదాన్ని పట్టద్దని మా నాయిన గీ నీళ్లల్ల నిలబెట్టి నాతోని ఒట్టు పెట్టించిండు.”

“అయ్యో! ఆడ చేపల సంఘపోళ్లేమో మన పక్కింటి ఈరయ్యే దొంగవల ఏసి పిల్లల్ని పట్టుకపోయిండంటున్నరు. చెరువుల ఆయన వాటా తీసేస్తరట. ఆయన పెండ్లాం పొద్దుగాల నా ముందట కూసోని ఏడ్సింది.”

“ఎరికే. అందుకే గా కొర్రమట్టను పట్టి, నిజం చెప్పి, సంఘం ముందట పెడదామనుకున్న.”

“దొరకలేదా?”

“దొరికింది. జబ్బంత పెద్దగైంది.”

“మరి ఏదయ్యా?”

బుచ్చన్న నీళ్లవైపు చూశాడు.

“మల్ల పిల్లలతోటి ఉన్నదే.”